పుండు దగ్గరే ఆపాలి

గజ్జి గురించి ఆదివారం పూట చదవడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్లలో ఆ మాటను గొంతు తగ్గించే అంటాం. బడిలో ఓ పిల్లవాడి వేళ్ల సందుల్లో పొక్కులు కనిపిస్తే వాణ్ని చివరి బెంచీకి పంపడం, ఇంట్లో గంధకం కలిపిన కొబ్బరినూనె పట్టించి ఎండలో నిలబెట్టడం, వేపాకు వేసి కాచిన నీళ్లు పోయడం యాభై దాటిన వాళ్లకు గుర్తే. కొన్నాళ్లకు తగ్గేది, మనమూ మరిచిపోయేవాళ్లం. ఆ దురద వెనకే మరో జబ్బు గుండె దాకా పోగలదని మనకెవరూ చెప్పలేదు.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆదివాసీ పల్లెల్లో ఆ సంగతి చాలామంది తల్లులకు తెలుసు. ఏ ఇంట్లోనో, పక్కింట్లోనో నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునే పిల్ల ఉంటుంది. ఆ సూది ఒక ఏడాదితో అయిపోదు. బడి రోజులన్నీ నడుస్తుంది, చాలామందికి ఇరవై దాటినా నడుస్తుంది. గుండె కవాటాలు మరీ పాడైన పిల్లల్ని విమానంలో నగరానికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాల్సి వస్తుంది. ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటైన ఆస్ట్రేలియాలో ఇది ఇవాళ్టికీ జరుగుతున్న విషయం.

ఎలా మొదలవుతుందో చూడండి. గజ్జి పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, పసిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో కూడా చర్మం పైపొరను తొలుచుకుని గుడ్లు పెడుతుంది. దురద రాత్రిపూట ఎక్కువ. పిల్లవాడు నిద్రలోనే గోకుతాడు. గోకిన చోట చర్మం తెగి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరుతుంది. చీముపొక్కు లేచి, పగిలి, దాని మీద తేనెరంగు పక్కు కడుతుంది. కొందరు పిల్లల్లో ఆ సూక్ష్మజీవితో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కీళ్లు పొంగి జ్వరం రావచ్చు, ఆ జ్వరంతో గుండె కవాటాలు చెడిపోవచ్చు. గొంతునొప్పి నుంచి ఈ కీళ్లవాత జ్వరం వస్తుందని వైద్య పుస్తకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. చర్మం మీది పుండు కూడా అదే పని చేస్తుందని ఉత్తర ఆస్ట్రేలియాలో పనిచేసే వైద్యులు ఏళ్లుగా అంటున్నారు, అందుకు ఆధారాలు ఒక్కొక్కటిగా కూడుతున్నాయి.

పెర్త్‌లో పిల్లల అంటువ్యాధుల నిపుణురాలు ఆషా బోవెన్. ఆమె బృందం 2015లో ప్రపంచమంతటా జరిగిన అధ్యయనాలను పోగేసి లెక్క కట్టింది. ఏ రోజు చూసినా దాదాపు 16 కోట్ల 20 లక్షల మంది పిల్లల ఒంటి మీద ఈ చీముపుండ్లు ఉంటున్నాయి. ఆస్ట్రేలియాలోని మారుమూల ఆదివాసీ పల్లెల్లో ఆ వాటా నూటికి 45 వరకూ ఉంది. దేశ జనాభాలో ఆబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల ప్రజలు నూటికి నలుగురి కంటే తక్కువ. కీళ్లవాత జ్వరం బారిన పడే ప్రతి పది మందిలో తొమ్మిది మంది మాత్రం వాళ్లే.

ఇంత నష్టం చేసే జబ్బుకు మందు చవక. గుర్తుపట్టడం కూడా తేలికే. చూసే మనిషే కరువు.

కాలితో తొక్కే రేడియో

పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతం నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా అందులో మూడింట రెండు వంతులే. అంత నేల మీద ఉన్న జనం మన దగ్గర ఒక మండలానికి సరిపోతారేమో. అక్కడి బ్రూమ్ పట్టణం నుంచి పెర్త్‌లోని పిల్లల ఆసుపత్రికి రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్లు దాటి వెళ్లాలి. దేశం మొత్తానికీ చర్మ వైద్యులు వెయ్యి మంది కూడా లేరు, ఉన్నవాళ్లలో అత్యధికులు పెద్ద నగరాల్లోనే. బొబ్బ లేచిందని ఎవరూ బిడ్డను ఎత్తుకుని రెండు వేల కిలోమీటర్లు వెళ్లరు.

దూరాన్ని దాటి రోగిని చూసే విద్యలో ఆ దేశానికి చాలా పాత అనుభవం ఉంది. 1928లో జాన్ ఫ్లిన్ అనే మత బోధకుడి పట్టుదలతో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ నుంచి ఎగిరే వైద్య సేవ మొదలైంది. మరుసటి ఏడాది ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ కరెంటు లేని చోట కూడా పనిచేసేలా కాలితో తొక్కి నడిపే రేడియో తయారుచేశాడు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూ డాక్టరుతో మాట్లాడేవారు. 1940ల్లో పశువుల క్షేత్రాలకు మందుల పెట్టెలు పంపారు. ప్రతి మందుకూ ఒక అంకె వేశారు. తర్వాత మనిషి ఒంటి బొమ్మ ఉన్న పటాలు కూడా వాడుకలోకి వచ్చాయి. ఒంటిని గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ ఒక అంకె. నొప్పి ఫలానా గడిలో అని ఇవతల వాళ్లు చెబితే, ఫలానా అంకె మందు ఇవ్వమని అవతల నుంచి డాక్టరు చెప్పేవాడు.

ఆ ఒంటి పటాన్ని తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ఇవాళ సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పంపడం ఆ గళ్ల పటానికి మనవడి వరస. డాక్టరు కళ్లు అక్కడ ఉండవు కాబట్టి, రోగి పక్కనున్న మనిషి చూసి సరిగ్గా చెప్పగలిగేలా ఆ మనిషిని సిద్ధం చేయాలని వాళ్లు దశాబ్దాల కిందటే గ్రహించారు.

ఫొటోతో పుండును చదవడం

చర్మం ఫొటోకు లొంగుతుందా? నార్తర్న్ టెరిటరీ అనే ఉత్తర ప్రాంతపు పల్లెల్లో 2009 నుంచి 2012 దాకా జరిగిన ఒక పరీక్ష దీనికి గట్టి జవాబిచ్చింది. 508 మంది పిల్లలు. అప్పటిదాకా అక్కడ చీముపుండ్లకు మామూలుగా ఇచ్చే వైద్యం పెన్సిలిన్ సూది. ఆ సూది చాలా నొప్పి. కో-ట్రైమాక్సజోల్ అనే పాత, చవక మందును మూడు రోజులో ఐదు రోజులో తాగిస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న. పుండు మానిందా లేదా అని తేల్చే బాధ్యతను పక్కనున్నవారికి వదల్లేదు. ప్రతి పుండుకూ ఒక పద్ధతిగా ఫొటోలు తీశారు. ఏ బిడ్డకు ఏ మందు ఇచ్చారో తెలియని నిపుణులు దూరంగా కూర్చుని ఆ ఫొటోలు చూసి తీర్పు చెప్పారు. తాగే మందు సూదితో సమానంగా పనిచేసింది. 2014లో ఆ ఫలితాన్ని లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. నొప్పి సూది నుంచి వేల మంది పిల్లలు బయటపడటానికి దారి తీసిన ఆ తీర్పు ఫొటోల మీద వచ్చింది.

ఆస్ట్రేలియా గ్రామీణ వైద్యుల కళాశాల ఇరవై ఏళ్లుగా టెలీ-డెర్మ్ అనే సేవ నడుపుతోంది. పల్లె డాక్టరు ఫొటో, వివరాలు పెడితే చర్మ నిపుణుడు చూసి సమాధానం రాస్తాడు. ఇద్దరూ ఒకే సమయానికి తెర ముందు కూర్చోనక్కర్లేదు. వీడియో కాల్ కంటే నిలకడగా తీసిన ఫొటోయే చర్మానికి మేలు. నెట్ నెమ్మదించిందంటే వీడియోలో పొక్కు మసకబారి మచ్చలా కనిపిస్తుంది.

ఫొటో తీయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ముందు కొంచెం దూరం నుంచి ఒకటి, ఒంటిలో ఎక్కడ ఉందో తెలియడానికి. తర్వాత దగ్గర నుంచి ఒకటి, పక్కన కొలబద్ద పెట్టి. కిటికీ దగ్గర పగటి వెలుతురు మేలు, ఫ్లాష్ వేస్తే నల్లని చర్మం మీద మెరుపు తగిలి అసలుది కనిపించదు. తీసే ముందు బిడ్డనూ తల్లినీ అడగాలి. ముఖం అవసరమైతే తప్ప రాకూడదు. ఆ ఫొటో ఎక్కడ దాస్తారో, ఎప్పుడు తీసేస్తారో చెప్పాలి. తమను అడక్కుండా ఫొటోలు తీసి పుస్తకాల్లో వేసుకున్న బయటివాళ్లను ఆ ప్రజలు తరాలుగా చూశారు.

చర్మం రంగు గురించి ఇక్కడే చెప్పాలి. వైద్య పుస్తకాల్లో ఎక్కువ బొమ్మలు తెల్లని చర్మానివి. ఎర్రగా కందింది అని రాసి ఉంటుంది. నల్లని ఒంటి మీద ఆ ఎరుపు ఊదాగానో, మామూలు కంటే ముదురుగానో ఉంటుంది, కొత్త కంటికి అసలు కనిపించదు. ఇది మనకూ అనుభవమే, మన పిల్లల చర్మమూ ఆ పుస్తకాల్లో లేదు. లరకియా జాతికి చెందిన డానా స్లేప్ ఆస్ట్రేలియాలో చర్మ వైద్య నిపుణురాలైన తొలి ఆదివాసీ మహిళ. ఆదివాసీ రోగులకు తమను గౌరవించే చర్మవైద్యం కావాలని ఆమె పట్టుబట్టి పనిచేస్తున్నారు. ఆదివాసీ పిల్లల చర్మవ్యాధుల కోసం ప్రత్యేకంగా జాతీయ మార్గదర్శిని 2018లో వచ్చింది, 2023లో విస్తరించిన రెండో కూర్పు వెలువడింది. అందులో బొమ్మలు నల్లని చర్మానివే. ఒక దేశం తన పిల్లల ఒంటిని తన పుస్తకంలో చూపించడానికి అంతకాలం పట్టింది.

విద్యార్థి చేతికి ఏమివ్వాలి

కరువైన ఆ చూసే మనిషి వైద్య విద్యార్థి కావచ్చా? అమెరికాలో వైద్య విద్యార్థులే నడిపే ఉచిత క్లినిక్‌లు చాలా ఉన్నాయి. విద్యార్థులు రోగితో మాట్లాడతారు, వివరాలు రాసుకుంటారు, చర్మం మీది జబ్బైతే ఫొటోలు తీసుకుంటారు, తాము ఏమనుకుంటున్నారో నిపుణుడికి చెబుతారు. నిపుణుడు చూసి సరిదిద్ది మందు రాస్తాడు. తెర మీద చూసే పద్ధతి వచ్చాక డాక్టరు ఒక ఊళ్లో, విద్యార్థి ఒక ఊళ్లో, బిడ్డ మరో ఊళ్లో ఉండి కూడా ఈ పని సాగించవచ్చు.

ఆస్ట్రేలియాలో ఇలాంటి క్లినిక్‌కు కావలసిన ముక్కలన్నీ వేరువేరు చోట్ల ఇప్పటికే పనిచేస్తున్నాయి. న్యూ సౌత్ వేల్స్ పశ్చిమ కొసన బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణం ఉంది. అక్కడి గ్రామీణ ఆరోగ్య విభాగం 2009 నుంచి మాట చికిత్స వంటి కోర్సుల విద్యార్థులను ప్రాథమిక బడులకు పంపుతోంది. మాట సరిగా రాని పిల్లలకు విద్యార్థులు పర్యవేక్షకుల అండతో చికిత్స ఇస్తారు. బడి అడిగింది కాబట్టి వెళ్లారు, పరిశోధన కోసం కాదు. అందుకే అది నిలబడిందని నా నమ్మకం. 1924లో సిడ్నీ దగ్గరి మాన్లీ తీరంలో మొదలైన రాయల్ ఫార్ వెస్ట్ సంస్థ ఒకప్పుడు ఎడారి ఊళ్ల పిల్లలను సముద్రపు గాలికి తీసుకొచ్చి వైద్యం చేయించేది. ఇప్పుడు అదే సంస్థ నిపుణులు వీడియోలో పల్లె బడుల పిల్లలతో కూర్చుంటున్నారు. జాన్ ఫ్లిన్ పేరుతో 1997లో మొదలైన పథకం వైద్య విద్యార్థులను ఏడాదికి రెండు వారాల చొప్పున నాలుగేళ్లు పంపింది, అదీ ఒకే ఊరికి. మళ్లీ మళ్లీ అదే ఊరికి అన్నది అందులో గొప్ప సంగతి.

ఎందుకంటే విద్యార్థి దగ్గర చర్మ నిపుణుడి దగ్గర లేని ఆస్తి ఒకటుంది, సమయం. బిడ్డ మంచం మీద ఎంతమంది పడుకుంటారు, అమ్మమ్మకు కూడా దురద ఉందా, ఇంట్లో నీళ్లు వస్తున్నాయా అని నలభై నిమిషాలు కూర్చుని అడగగలిగేది విద్యార్థే. గజ్జికి ఆ జవాబులే ప్రాణం. బిడ్డ ఒక్కడికి పెర్మెత్రిన్ క్రీమ్ రాసి పంపితే పది రోజుల్లో మళ్లీ వస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి, వారానికి మళ్లీ రాసుకోవాలి, పక్కబట్టలు ఉతకాలి.

విద్యార్థిలో ఒక లోపం కూడా ఉంది. అతను వెళ్లిపోతాడు. ఈ సెమిస్టర్ ఒకరు, వచ్చే సెమిస్టర్ మరొకరు. కొత్త ముఖాలకు అదే కథ మళ్లీ మొదటి నుంచి చెప్పి చెప్పి ఆ పల్లెలు అలసిపోయాయి. చట్ట ప్రకారం కూడా విద్యార్థికి హద్దులున్నాయి. 2011 నుంచి వైద్య విద్యార్థుల పేర్లు జాతీయ రిజిస్టరులో నమోదవుతున్నాయి, మందు రాసే అధికారం మాత్రం లేదు. అందుకే అలాంటి క్లినిక్‌లో నడుమ నిలబడాల్సింది ఊళ్లోనే ఉండే ఆదివాసీ ఆరోగ్య కార్యకర్త. ఆ భాష ఆమెది, ఆ చుట్టరికాలు ఆమెకు తెలుసు, ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో ఎవరు వెళ్లకూడదో ఆమెకే తెలుసు. ఆ దేశంలో 2012 నుంచి ఆదివాసీ ఆరోగ్య ప్రాక్టీషనర్లది జాతీయంగా నమోదైన వృత్తి. ఫోను పట్టుకునేది ఆమె. విద్యార్థి ఆమె దగ్గర నేర్చుకునేవాడు. ఈ వరస తలకిందులైతే ఎంత మంచి కెమెరా ఉన్నా లాభం లేదు.

1971లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో ఆదివాసులు తమ సొంత వైద్యశాల పెట్టుకున్నప్పుడు స్వచ్ఛందంగా వచ్చిన డాక్టర్లు సాయం చేశారు, నడిపింది మాత్రం ఆదివాసులే. ఇవాళ అలాంటివి దేశంలో 140కి పైగా ఉన్నాయి. దూరం నుంచి చూసే క్లినిక్ ఏదైనా వాళ్ల గడపలోంచే వెళ్లాలి.

నల్లా తిప్పితే నీళ్లు రావాలి

ఫొటో ఎంత బాగా తీసినా, మందు ఎంత మంచిదైనా, ఇంట్లో షవర్ పనిచేయకపోతే గజ్జి తిరిగి వస్తుంది. 1985లో దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఆదివాసీ నాయకుడు యామీ లెస్టర్ అడిగితే ముగ్గురు కలిశారు: డాక్టర్ పాల్ టొర్జిల్లో, వాస్తుశిల్పి పాల్ ఫొలెరోస్, పర్యావరణ ఆరోగ్య నిపుణుడు స్టెఫాన్ రైనో. జనం జబ్బు పడకుండా ఏం చేయాలన్నది లెస్టర్ ప్రశ్న. వాళ్లు తయారుచేసిన పట్టికలో మొదటిది పిల్లలకు రోజూ స్నానం చేయించగలగడం, రెండోది బట్టలు, పక్కలు ఉతకగలగడం. తర్వాత దేశమంతటా వేల ఇళ్లు తనిఖీ చేస్తే చాలా ఇళ్లలో షవర్ పనిచేయడం లేదు. వాళ్లే పాడుచేసుకుంటారని నగరాల్లో అనుకునే మాట అబద్ధమని తేలింది. పాడైన వాటిలో అత్యధికం మరమ్మతు లేక, తొలుతే సరిగ్గా కట్టక చెడినవి. ఇంట్లోవాళ్లు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు. న్యూ సౌత్ వేల్స్‌లో పదేళ్లు ఇళ్లకు మరమ్మతులు చేశాక చూస్తే, ఆ ఇళ్లవాళ్లు అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరడం 40 శాతం తక్కువగా ఉంది. ప్లంబర్ చేసిన వైద్యం అది.

2014లో బ్రిస్బేన్‌లో నికొలస్ మార్చెసీ, లూకస్ ప్యాచెట్ అనే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఒక పాత వ్యానులో వాషింగ్ మెషీన్లు బిగించి ఇల్లు లేనివాళ్ల బట్టలు ఉచితంగా ఉతకడం మొదలుపెట్టారు. ఆరెంజ్ స్కై అన్న ఆ సంస్థ తర్వాత మారుమూల ఆదివాసీ పల్లెలకూ వెళ్లింది. ఉత్తర ప్రాంతంలోని బరుంగాలో 2019లో ఆదివాసీ సంస్థ ఒకటి ఉచిత లాండ్రీ తెరిచి ఊరివాళ్లకే ఉద్యోగాలిచ్చింది. గజ్జిని అణచడంలో ఒక వేడినీళ్ల మెషీన్ ఎంత పనిచేస్తుందో వైద్య కళాశాలలో ఎవరూ గట్టిగా చెప్పరు. చర్మం క్లినిక్‌కు వెళ్లే విద్యార్థి ఒక్క రోజైనా ఆ లాండ్రీలో పక్కబట్టలు మడతపెట్టాలని నా అభిప్రాయం.

ఇవన్నీ ఒకచోట కలిపే ప్రయత్నం కింబర్లీలో జరిగింది. 2019 నుంచి 2022 దాకా అక్కడి ఆదివాసీ పల్లెల్లో ఆషా బోవెన్ బృందం, స్థానిక ఆదివాసీ వైద్య సంస్థలు కలిసి స్టాప్ అనే పరీక్ష నడిపాయి. బడిలోనే పిల్లల చర్మం చూడటం, వెంటనే మందివ్వడం, ఇళ్లలో నీళ్లూ ఉతుకూ సరిచూడటం, సొంత భాషలో పుస్తకాలు వేయడం. డాంపియర్ ద్వీపకల్పపు పిల్లలు చర్మం శుభ్రం మీద హిప్‌హాప్ పాట కట్టి వీడియో చేశారు. ఆ కాలంలో పదిమందిలో నలుగురికి ఉండే చీముపుండ్లు ఇద్దరికి తగ్గాయి.

మన వాకిట్లో

ఆస్ట్రేలియాలో పనిచేసిన మన డాక్టర్లు చాలామందికి ఈ పల్లెలు కొత్త కాదు. విదేశాల్లో చదివి అక్కడికి వెళ్లిన డాక్టరు పదేళ్లు వైద్యులు చాలని ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన వల్ల తెలుగు డాక్టర్లు ఎందరో ఆ ఎర్రమట్టి ఊళ్లలో ఉద్యోగాలు చేశారు, చేస్తున్నారు. వాళ్లు చూసినదాన్ని ఇక్కడికి తేవచ్చు.

ఎందుకంటే మన దగ్గరా ముక్కలన్నీ ఉన్నాయి. చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహం సాయంతో దూరవైద్యం మొదలై పాతికేళ్లు దాటింది, 2000 మార్చిలో బిల్ క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఆరోగ్య కేంద్రం నుంచి వైద్యుడితో కలిపే ఈ-సంజీవని సేవను 2019 నవంబరులో దేశంలో మొదట అమలుచేసింది ఆంధ్రప్రదేశే. 2021-22 బ్యాచ్ నుంచి ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడవునా చూసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. అవసరమూ ఉంది. వసతిగృహాల్లో ఒకే గదిలో వరసగా పడుకునే గిరిజన పిల్లల్లో ఒకరికి గజ్జి వస్తే గది మొత్తానికీ వస్తుంది. పక్కనే మందుల దుకాణంలో అడిగితే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. దురద రెండు రోజులు తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు ముదురుతుంది.

వైద్య కళాశాలల ప్రిన్సిపాళ్లకు, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల పెద్దలకు ఒక విన్నపం. మీ విద్యార్థుల దత్తత కుటుంబాలతో పాటు దగ్గర్లోని ఒక ఆశ్రమ పాఠశాలను చేర్చండి. వారానికి ఒక పూట చాలు. ఫొటో తీసేది అక్కడి ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ కావాలి, తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. మీ చర్మవ్యాధుల విభాగం నుంచి ఒక్కరు అదే రోజు ఆ ఫొటోలు చూసి మందు రాయాలి. స్నానాల గదిలో నల్లా పనిచేస్తోందో లేదో కూడా ఆ విద్యార్థే రాసి వార్డెన్‌కు ఇవ్వాలి. మొదటి ఏడాది వెళ్లిన విద్యార్థే చివరి ఏడాది దాకా అదే బడికి వెళ్లాలి.